కంటెంట్ రైటరా, కాపీరైటరా, స్ట్రాటజిస్టా? పొద్దున్నుంచి పొద్దుమూకేదాక వీళ్లు చేసే పని ఏంది?

ములుగురోడ్ (ప్రశ్న)

అన్నలు, అక్కలు, కొంచెం పొడుగు ప్రశ్న. ఓపికతోని చదవండి.

కాకతీయ యూనివర్సిటీల ఎం.ఏ. తెలుగు చేసినదాన్ని. తర్వాత ఒక పత్రిక జిల్లా డెస్క్‌ల సబ్‌ఎడిటర్‌గ పనిచేసిన. కంట్రిబ్యూటర్లు పంపిన వార్తలు దిద్దుడు, హెడ్డింగులు పెట్టుడు, రాత్రి పేజీ పోయేదాక కూసునుడు. జిల్లా పేజీలు తగ్గించిన్రు, వాటితోని మమ్మల్ని కూడ తగ్గించిన్రు. ఇంట్లనేమో బీఈడీ చెయ్యి, టీచర్ పోస్టు కొట్టు అంటున్నరు. నాకు రాత పని విడువ బుద్ధయితలేదు.

ఇప్పుడు చేతిల రెండున్నయి. మొదటిది హన్మకొండల ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ. ప్రైవేటు దవాఖానలు, కోచింగ్ సెంటర్లు, ప్లాట్ల వెంచర్లు వాళ్ల క్లయింట్లు. ఫోన్ చేసి "కంటెంట్ రైటర్, కాపీరైటర్, కంటెంట్ స్ట్రాటజిస్ట్ మూడు పోస్టులున్నయి, మీరు దేనికి అప్లై చేస్తరు?" అని అడిగిన్రు. మూడింటి వివరాలు పంపమన్న. చూస్తే మూడింట్ల పని ఒక్కతీరే ఉన్నది. నెలకు ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్‌కు స్క్రిప్టులు, పండుగ పోస్టర్ల మీద రెండేసి లైన్లు. జీతం మాత్రం స్ట్రాటజిస్ట్‌కు దగ్గరదగ్గర రెండింతలు రాసిన్రు.

రెండోది నర్సంపేట దిక్కు రైతులు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ. చపాటా మిర్చి, కారం ప్యాకెట్లు అమ్ముతరు. ఆన్‌లైన్‌ల కూడ అమ్ముదామని చూస్తున్నరు. "మా కంటెంట్ అంత చూసుకునేటోళ్లు కావాలె బిడ్డా" అన్నడు ఆ పెద్దమనిషి. కంటెంట్ అంటే ఏందని అడిగితే "అదే, ఫేస్‌బుక్కుల పెట్టేది" అన్నడు.

గూగుల్‌ల వెతికితే అన్ని డెఫినిషన్లే వస్తున్నయి. నాకు డెఫినిషన్లు వద్దు. ఈ పనులల్ల ఉన్నోళ్లు ఎవలన్న ఉంటే, ఎవలు ఏం చేస్తరు, ఎవల మీద ఏం బరువు ఉంటది చెప్పండి. తెలుగు రాసుడు నాకు వచ్చు. ఇంగ్లిష్ చదివితే సమజైతది, రాస్తే తప్పులు పోతయి.

మడికొండ బ్యాచ్

మన దిక్కు ఏజెన్సీలల్ల స్ట్రాటజిస్ట్ అంటే క్లయింట్ తిట్టేటందుకు ఫోన్ చేస్తే ఎత్తేటోడు. కంటెంట్ రైటర్ అంటే ఎత్తనోడు. కాపీరైటర్ అంటే బతుకమ్మకు, దసరాకు, దీపావళికి ఒకటే లైనుల పండుగ పేరు మార్చేటోడు. ముగ్గురికి క్యాన్వా (పోస్టర్లు చేసే యాప్) వచ్చి తీరాలె.

నవ్వుకుంటనే అంటున్న గని, రెండింతల జీతం ఊకనే ఇయ్యరు. ఏదో మెలిక ఉంటది. టార్గెట్ ఏమన్న ఉన్నదా అని ముందుగాల్నే అడుగు.

పాత డెస్కోడు

మడికొండ తమ్ముడు నవ్వించుకుంట అసలు మాట చెప్పిండు. ఎవల్ని తిడుతరు అన్నదే ఇక్కడ లెక్క.

చెల్లె, నేను కూడ డెస్క్ మీద పెరిగినోన్నే. తర్వాత హైదరాబాద్ ఏజెన్సీలల్ల అన్ని కుర్చీలల్ల కూసున్న, ఇప్పుడు వడ్డేపల్లిల ఇంట్ల కూసోని వాళ్లకే పని చేస్తున్న. నేను తెలుసుకున్నది ఒక్కటి: కార్డు మీద పేరు చూడకు, ఏ లెక్క తప్పితే నిన్ను పిలుస్తరో చూడు. జనం అసలే రాలేదు, ఎవల్ని పిలిచిన్రు? వచ్చిన్రు గని రెండు లైన్లు చదివి పోయిన్రు, ఎవల్ని పిలిచిన్రు? అంత చదివిన్రు గని కొనలేదు, అప్పుడెవల్ని? అమ్మకాలు బాగనే ఉన్నయి గని మనకు పనికిరాని గిరాకీ వస్తంది, అప్పుడెవల్ని? నాలుగు సార్లు నాలుగు మనుషుల పేర్లు వస్తే అది పద్ధతిగల్ల కంపెనీ. నాలుగింటికి నీ పేరే వస్తే నువ్వు నాలుగు పనులు చేస్తున్నవు, ఒక్క జీతం తీసుకుంటున్నవు.

నీ మిర్చి కంపెనీనే తీసుకుందాం. ఏజెన్సీ కంటె అదే నాకు మనసుకు పట్టింది.

చపాటా గురించి నీకు తెల్సే ఉంటది. టమాటా మిర్చి అని మనం అనేది అదే. లావుగ, పొట్టిగ, ఎర్రగ నిగనిగలాడుతది. రంగు మస్తు, కారం తక్కువ. 2025ల వరంగల్ చపాటా పేరు మీద జీఐ ట్యాగ్ (ఈ సరుకు ఈ ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తు) కూడ వచ్చింది. ఇప్పుడు దీన్ని అమ్మాలె. మామూలుగ ఏం చేస్తరు? "వరంగల్ స్పెషల్ ఘాటైన కారం" అని పోస్టర్ వేస్తరు. మొదట్లనే దెబ్బ. ఘాటు కావాల్నంటే తేజా రకం మిర్చి కొంటరు, చపాటా ఎందుకు కొంటరు? మన ఇండ్లల్ల "కారం తక్కువ" అంటే అది పేరు చెడగొట్టే మాట. అదే మాట ఇంకొకరికి మంచి కబురు. ఎవరికి? పిల్లలున్న ఇండ్లకు. పచ్చడి ఎర్రగ ఉండాలె, నోరు మండొద్దు అనుకునేటోళ్లకు. కర్రీపాయింట్లకు, హోటళ్లకు.

ఈ "ఎవరికి" అన్నది తేల్చుడే స్ట్రాటజిస్ట్ పని. ఇంకో ముచ్చట చూడు. వరంగల్ వాళ్లకు ప్యాకెట్ కారం అమ్మబోతే ఎవడు కొంటడు? ఎండలు ముదరంగనే ఏనుమాముల నుంచో తెలిసిన రైతు కాన్నుంచో మిర్చి తెచ్చుకుంటం, తొడిమలు తీస్తం, ఎండబెడ్తం, గిర్నిల పట్టిస్తం. ఏడాదికి సరిపోను డబ్బాలకెత్తుకుంటం. అంటే మనోళ్లు గిరాకీ కాదు. గిర్నికి పోయే ఓపిక లేని కూకట్‌పల్లి ఫ్లాటోళ్లు గిరాకీ. బెంగళూరుల, బయటి దేశాలల్ల ఉన్న మన పిల్లలు గిరాకీ. ఇంకా టైము. మామిడికాయ ఏప్రిల్, మే నెలలల్ల వస్తది, తొక్కు పెట్టేది అప్పుడే. అప్పుడు మేల్కొని "ఆవకాయకు మా కారం" అని రాస్తే గూగుల్ దాన్ని చూసి పైకి తెచ్చే వరకు మృగశిర వస్తది. రాత జనవరిల మొదలు కావాలె, కొత్త మిర్చి కోత అయ్యేటప్పుడు. ఏ నెల ఏం చెప్పాలె, ఎక్కడ చెప్పాలె, ఏది అసలే చెప్పొద్దు అని రాసి పెట్టుకుని దానికి జవాబు చెప్పేటోడు స్ట్రాటజిస్ట్. రోజంత రాయడు. సగం పొద్దు అడుగుడే ఉంటది. రైతును, అమ్మేటోన్ని, కొరియర్ పిలగాన్ని, ప్యాకెట్ వాపసు పంపిన గిరాకీని. నెలకు ముప్పై పోస్టులు రాయమన్న దగ్గర ఈ పని ఉండదు, ఉండేటందుకు టైమే ఉండదు.

కంటెంట్ రైటర్ వేరే. కిలో మామిడికాయ ముక్కలకు చపాటా ఎంత కలపాలె, తేజా ఎంత కలపాలె, కలిపితే రంగు ఎన్ని నెలలు నిలుస్తది, తేమ తగిలితే ఏమైతది, మార్కెట్ల అమ్మే రంగు కలిపిన కారానికి దీనికి తేడా ఎట్ల పట్టాలె. ఇవి రాసేటోళ్లు వీళ్లు. మంచి కంటెంట్ రైటర్ మంచి రిపోర్టర్. ముగ్గురు అత్తమ్మలను అడిగి, గిర్ని ఆయనను అడిగి, దుగ్గొండి దిక్కు చేనుకు పోయి రాస్తరు. చదివిన మనిషికి పని జరగాలె, ప్యాకెట్ కొన్నా కొనకున్నా. అదేం ధర్మమని అడుగుతవేమో. ఇది పాత విద్యనే. అమెరికల జాన్ డీర్ అనే నాగళ్ల కంపెనీ 1895ల రైతుల కోసం ద ఫర్రో అని పత్రిక మొదలుపెట్టింది. అప్పటికి వాళ్లు ట్రాక్టర్లు అమ్ముడు ఇంకా మొదలే పెట్టలేదు. పత్రికల సేద్యం ముచ్చట్లు రాసిన్రు. ఆ పత్రిక ఇయ్యాల్టికి నడుస్తంది. రైతు నమ్మినంక ఏ నాగలి కొంటడో వేరే చెప్పాల్నా?

కాపీరైటర్ ఆ ప్యాకెట్ మీది లైను, యాడ్ మీది లైను, కొనే పేజీ మీది నాలుగు ముక్కలు రాస్తడు. చదివిన మనిషి వేలు కదిలి బటన్ మీద పడాలె.

ఇంకో కుర్చీ ఉన్నది, ఎస్‌ఈఓ. జనం ఏ మాటతోని వెతుకుతున్నరు, మన పేజీ ఎన్నోది వస్తంది, నొక్కుతున్నరా లేదా అని ఆ లెక్కలు చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ ముందట కూసోని చూసేటోళ్లు. మన దిక్కు టమాటా మిర్చి అని కొడ్తరు, బయటోళ్లు ఇంకేదో కొడ్తరు. అది రైటర్‌కు చెప్పే బాధ్యత వీళ్లది. చిన్న కంపెనీలల్ల రైటరే ఇది కూడ చేస్తడు, నేర్సుకుంటే రెండు మూడు నెలల పని.

చివరికి ఎడిటర్. నన్నడిగితే నీ అసలు ఆస్తి ఇది. డెస్క్ మీద నువ్వు చేసింది ఇదే. ఇక్కడ అక్షరదోషాలు దిద్దుడు చిన్న పని. "జీఐ ట్యాగ్ ఉన్న మిర్చి" అని ప్యాకెట్ మీద వేసుకునే హక్కు ఈ కంపెనీకి ఉన్నదా, అధీకృత వినియోగదారుగ రిజిస్టర్ అయ్యిన్రా అని అడగాల్సింది ఎడిటర్. "మా కారం తింటే షుగర్ తగ్గుతది" అని ఎవడన్న ఉత్సాహపడి రాస్తే కొట్టేయాల్సింది ఎడిటర్. తిండి వస్తువు రోగం తగ్గిస్తదని ప్రచారం చేసుకునుడు ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి వస్తువుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ) ఒప్పుకోదు. యాడ్లు, క్లెయిములకు 2018ల వేరే నిబంధనలే తెచ్చిన్రు. లేబుల్ మీద 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉన్నదా అని చూసుడు కూడ నీకే పడ్తది, ఎందుకంటే ఆఖర్న చూసే కండ్లు నీవే.

ఏజెన్సీ గురించి ఏం చెప్పలేదు కదా. వాళ్లకు ఫోన్ చేసి ఒక్కటే అడుగు: "ఆరు నెలల తర్వాత నేను పని మంచిగ చేసిన్నా లేదా అని మీరు ఏం చూసి చెప్తరు?" జవాబుల నుంచే కుర్చీ ఏందో బయటపడ్తది.

టవర్‌సర్కిల్ (కరీంనగర్)

పాత డెస్కన్నా, నమస్తే. స్ట్రాటజిస్ట్‌కు ఒక ఎకరం ఇచ్చిన్రు, కాపీకి (అమ్మే లైన్లు రాసే పనికి) గట్టు కూడ ఇయ్యలేదు. ఆ గట్టు నేను దున్నుకుంట.

ములుగురోడ్ గారు, నేను కాపీ రాసి బతుకుతున్న. బయటికి రెండు లైన్ల పని లెక్క కనబడ్తది. గూగుల్ సెర్చ్ యాడ్ సంగతి చూడండి. హెడ్డింగుకు 30 అక్షరాలు, వివరణకు 90. ఒక్క యాడ్‌కు 15 హెడ్డింగుల దాక ఇయ్యొచ్చు, నాలుగు వివరణలు. గూగుల్ వాటిని తనకు నచ్చినట్టు కలిపి చూపిస్తది. అంటే ఏ హెడ్డింగు పక్కన ఏది పడ్డా అర్థం చెడొద్దు. ఒక్కో హెడ్డింగు ఒంటరిగ నిలబడాలె, పక్కదానితోని కొట్లాడొద్దు. పత్రికల హెడ్డింగు పెట్టినోళ్లకు అలవాటైన పనే, కాకపోతే అక్కడ పేజీ నీ చేతుల ఉంటది, ఇక్కడ ఉండదు.

తెలుగుల ఇంకో తిప్పలు. ఎస్సెమ్మెస్ ఇంగ్లిష్‌ల 160 అక్షరాలు, తెలుగుల 70కే ఒక మెసేజ్ అయిపోతది. గుణింతం, ఒత్తు, అన్ని వేరువేరుగ లెక్క కడ్తది ఆ మిషన్. "మిర్చి" మన కంటికి రెండక్షరాలు, దానికి ఆరు. డెబ్బై దాటితే రెండో మెసేజ్ పైసలు. పది వేల మందికి పంపే క్లయింట్ అయితే మీ ఒక్క ఒత్తు ఆయన బిల్లు పెంచుతది. పైంగ ఫోన్ కంపెనీలను చూసే ట్రాయ్ పెట్టిన డీఎల్‌టీ పద్ధతి. కమర్షియల్ మెసేజ్ ఏదైనా ముందే టెంప్లేట్ రిజిస్టర్ చేసి ఆమోదం తీసుకోవాలె. ఆమోదం వచ్చినంక పండుగ పూట "ఒక్క మాట మార్చు" అని క్లయింట్ అంటే మార్చలేం, పంపినా మెసేజ్ పోదు. అందుకే ఏ ముక్క మారుతది, ఏది మారదు అని మొదలే ఆలోచించి రాయాలె. ఇది రెండు లైన్ల పనే, కాదన్నదెవరు.

కాపీరైటర్‌ను ఎప్పుడు పిలుస్తరంటే, వంద మంది పేజీకి వచ్చి ఒక్కరు కొన్నప్పుడు. లెక్క వెంటనే తెలుస్తది, సాయంత్రానికే. కొందరికి ఈ ఒత్తిడి నచ్చుతది, కొందరికి రాత్రి నిద్ర పట్టదు. కంటెంట్ రైటర్ లెక్క ఆరు నెలలకు గని తేలదు. మీ స్వభావం ఏదో మీరు చూసుకోండి. రాత్రి పదకొండు గంటలకు హెడ్డింగు మార్చమంటే మీకు చిరాకొచ్చేదా, సంబురమయ్యేదా?

ఒక మాట మాత్రం అన్నతోని ఒప్పుకోను. "ఎవరికి అమ్మాలె" అన్నది స్ట్రాటజిస్ట్ ఒక్కడే తేల్చడు. నాకు బ్రీఫ్‌ల (పని ఏందో చెప్పే కాగితంల) "ఆరోగ్యం కోరుకునే అందరు" అని రాసి పంపుతరు. అందరికి రాస్తే ఎవరికి తాకదు. అప్పుడు నేనే షాపుల నిలబడి కొనేటోళ్ల మాటలు వింట. మంచి లైన్లు అక్కడ దొరికినయే.

పాత డెస్కోడు

@టవర్‌సర్కిల్ గట్టు నీదే తమ్మీ, దున్నుకో. డీఎల్‌టీ సంగతి నాకు యాదికి రాలేదు, మంచిగ చెప్పినవు. "ఆరోగ్యం కోరుకునే అందరు" అని రాసినోడు మాత్రం స్ట్రాటజిస్ట్ కాదు, ఆ కార్డు ఎవరో కొట్టించి ఇచ్చిన్రు.

యాప్ అక్క

ఇద్దరు మగవాళ్లు మార్కెటింగ్ పొలమే పంచుకుంటున్నారు. పక్కనే ఇంకో చేను ఉంది, చెల్లెకు అదీ చూపిస్తాను. మాది మంచిర్యాల, పని హైదరాబాద్‌లో. యాప్‌లలో కనిపించే మాటలు రాస్తాను. మా పోస్టు పేరు యూఎక్స్ రైటర్. బటన్ మీద, తప్పు జరిగినప్పుడు వచ్చే మెసేజ్‌లో, ఓటీపీ స్క్రీన్ మీద ఉండే మాటలు మావి. అమ్మడం మా పని కాదు. మనిషి మధ్యలో ఆగిపోకుండా పని పూర్తి చేసుకుని పోవాలి. "పేమెంట్ ఫెయిల్ అయింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే వాడికి గుండె ఆగుతుంది: డబ్బులు పోయాయా, ఉన్నాయా? ఎప్పటిలోగా వెనక్కి వస్తాయో, ఇప్పుడు ఏం నొక్కాలో రాయాలి. కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లు తగ్గితే మేం బాగా రాసినట్టు.

ఇందులో తెలుగు ఎం.ఏ. చేసినవాళ్లకు నిజమైన పని ఉంది. యాప్ ఇంగ్లిష్‌లో తయారవుతుంది, మధ్యలో పేరు పడే చోటు ఖాళీ వదులుతారు. తెలుగులోకి మార్చేటప్పుడు ఆ ఖాళీ పక్కన "కు" తగిలిస్తారు. రాముకు అయితే సరిపోతుంది. లక్ష్మి వస్తే "లక్ష్మికు" అవుతుంది. కి, కు దేనికి ఏదో మనకు పలకగానే తెలుసు, ఖాళీకి తెలియదు. "గారికి" అని పెడితే ఏ పేరైనా నడుస్తుంది. ఇంకోటి: "రవి డబ్బులు పంపాడు" అని రాస్తే లత పంపినప్పుడు కూడా "పంపాడు" అనే వస్తుంది. పంపింది ఆడో మగో యాప్‌కు తెలియదు కాబట్టి "పంపారు" అనాలి. ఇంజినీర్లకు ఇది ఎందుకు ముఖ్యమో కూర్చోబెట్టి చెప్పడం ఉద్యోగంలో సగం. వ్యాకరణం చదివినవాళ్లు చెప్తే వింటారు, ఊరికే "బాగా లేదు" అంటే వినరు.

టెక్నికల్ రైటర్ అని ఇంకొకరుంటారు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో మాన్యువల్స్ రాసేవాళ్లు. అందులో జీతం బాగుంటుంది, కానీ పని దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే. నీ పరిస్థితికి ఇప్పుడే అటు వెళ్లమని నేను చెప్పను.

ఒక పని చెయ్యి. నీ ఫోన్‌లో గ్యాస్ బుకింగ్‌కో కరెంట్ బిల్లుకో వాడే యాప్ తెలుగులో పెట్టు. చదవలేకపోయిన స్క్రీన్లు ఫొటో తీసి, పక్కన నువ్వైతే ఎలా రాస్తావో, ఎందుకో రాసి దాచుకో. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ములుగురోడ్ (ప్రశ్న)

అందరికి దండాలు. రెండు అడుగుతా, తిట్టొద్దు. ఏఐ ఇవన్ని రాస్తుంటే రేపు నా కొలువు ఉంటదా? ఇంటర్వ్యూకు ముందు "శాంపిల్" అని పది పోస్టులు రాసియ్యమంటున్నరు ఏజెన్సీ వాళ్లు, ఇయ్యాల్నా?

మడికొండ బ్యాచ్

పది పోస్టులు శాంపిల్ కాదు, ఈ వారం వాళ్ల క్యాలెండర్. ఒక్కటి ఇయ్యి, నీ పేరు వేసి ఇయ్యి. పదికి పైసలు అడుగు.

పాత డెస్కోడు

మడికొండ తమ్ముడు చెప్పినంక శాంపిల్ గురించి నేను చెప్పేదేం లేదు.

ఏఐ గురించి. 2022 నవంబర్ల చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటిదాక "మిర్చి వల్ల పది లాభాలు" లాంటి ఆర్టికల్ కూడ ఎవడో ఒక మనిషి కూసోని రాసేది, పదానికింత అని ఇచ్చేది. ఆ పని పోయింది, మళ్ల రాదు. పోతే పోయింది, దాంట్ల ఏముండె? నాలుగు సైట్లు చూసి ఐదోది రాసుడు. అదే ఏడాది డిసెంబర్ల గూగుల్ తన నాణ్యత మార్గదర్శకాలల్ల "స్వయంగ అనుభవం" అన్న ముక్క కలిపింది. రాసినోడు ఆ పని చేసి చూసిండా అని. గూగుల్ చెప్పినంత నిజంగ పాటిస్తదా అంటే నాకు అనుమానమే, చెత్త సైట్లు ఇప్పటికి పైనే కనబడ్తయి. గని దుగ్గొండిల కళ్లం మీద కాయ ఎండబెట్టేటప్పుడు మంచు పడితే తెల్లారి ఏం చేస్తరో ఏ మిషన్‌కు తెల్వదు, ఎవలూ రాయలేదు కాబట్టి. నువ్వు పోయి అడిగితే తెలుస్తది. మిషన్‌ను వాడు, నేను వాడుత. పొడుగు ఇంటర్వ్యూను కుదించమంట, ఇంగ్లిష్ మెయిల్ దిద్దమంట. దాని తెలుగు మాత్రం ఒక్క వాక్యం కూడ దిద్దకుండ పంపకు. "మీ వంటగదిని రుచుల ప్రయాణంగా మార్చండి" అని రాస్తది. ఏ అత్తమ్మ అట్ల మాట్లాడ్తది?

ఇంగ్లిష్ గురించి భయపడ్డవు. తెలుగుల రాసే సైట్లకు గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి ఉన్నది. అంటే తెలుగు పేజీ మీద పైసలు పుట్టే దారి తెరిచి చాన ఏండ్లయింది. అయినా కంపెనీల లోపలి మాట, బ్రీఫులు, రిపోర్టులు అన్ని ఇంగ్లిష్‌లనే నడుస్తయి. తప్పులు పోతే పోనీ, చిన్న వాక్యాలు రాయి. స్ట్రాటజీ కుర్చీ దాక పోవాల్నంటే తప్పదు.

ఇప్పుడు సూటిగ: నీ అనుభవానికి స్ట్రాటజిస్ట్ పేరు ఇప్పుడే తీసుకోకు అని కొందరు అంటరు. నేను అనను. డెస్క్‌ల ఏ వార్త లీడ్, ఏది సింగిల్ కాలమ్, ఏది చెత్తబుట్ట అని రోజు తేల్చినదానివి, ఆ తూకం నీకు ఉన్నది. లేనిది అమ్మకం లెక్క. అది మిర్చి కంపెనీల నేర్సుకుంటవు, ఎందుకంటే అక్కడ సరుకు కండ్ల ముందట ఉంటది, కొన్నోడు ఫోన్‌ల దొరుకుతడు. ఏజెన్సీల పది క్లయింట్ల మధ్యన ఎవల సరుకూ పూర్తిగ తెల్వది. ఒకటి నిజం, ఏజెన్సీల చెయ్యి తొందరగ తిరుగుతది. ఏడాది ఉంటే రకరకాల పని చేతికి వస్తది. జీతం కూడ నెల నెల పడ్తది, చిన్న కంపెనీల ఆ భరోసా అడిగి తెలుసుకోవాలె.

నెల జీతం కాకుండ పనికింత అని ఒప్పుకుంటే, ఇచ్చేటోళ్లు మామూలుగ పది శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) పట్టుకుని ఇస్తరు. అది పోయినట్టు కాదు, నీ ఆదాయం పన్ను పడేంత లేకుంటే రిటర్న్ వేసి వాపసు తెచ్చుకోవచ్చు. పాన్ కార్డు ఇయ్యకుంటే ఇంకా ఎక్కువ కోస్తరు.

ములుగురోడ్ (ప్రశ్న)

రెండు దిక్కుల ఫోన్ చేసిన. పాత డెస్కన్న చెప్పిన ప్రశ్ననే అడిగిన.

ఏజెన్సీ మేడమ్ చెప్పింది: స్ట్రాటజిస్ట్‌ను వెంచర్ క్లయింట్‌కు నెలకు ఎన్ని సైట్ విజిట్లు (ప్లాట్లు చూడ వచ్చేటోళ్లు) వచ్చినయో దాన్ని బట్టి చూస్తరంట. విజిట్లు తక్కువైతే జీతంల కొంత ఆపుతరంట. మడికొండ అన్న అన్న మెలిక అదే. మిగిలిన రెండు పోస్టులకు "పోస్టులు టైముకు పోవాలె, అంతే" అన్నది.

మిర్చి కంపెనీ పెద్దమనిషికి ప్రశ్న ముందు సమజు కాలేదు. మళ్ల అడిగిన. అప్పుడు చెప్పిండు: "కిందటేడు తొక్కుల సీజన్ అయినంక గోదాముల ప్యాకెట్లు మిగిలినయి. ఈసారి మిగలొద్దు. కొన్నోళ్లు మళ్ల కొనాలె. గంతే బిడ్డా." జీఐ గుర్తు గురించి అడిగితే, రిజిస్ట్రేషన్‌కు కాగితాలు ఇచ్చిన్రంట, ఇంకా రాలేదంట. ప్యాకెట్ డిజైన్‌ల మాత్రం గుర్తు అప్పుడే వేసి పెట్టిన్రు. అది వచ్చేదాక ప్రింటుకు పంపొద్దని చెప్పిన. కొలువుల చేరకముందే ఎడిటర్ పని మొదలైంది.

జీతం ఏజెన్సీ కంటెంట్ రైటర్ అంతనే ఇస్తమన్నరు, స్ట్రాటజిస్ట్ అంత కాదు. నేను అటే పోతున్న. యాప్ అక్కా, ఆర్డర్ పెట్టినోళ్లకు వాట్సాప్‌ల పోయే మెసేజ్‌లు రాసి మీకు చూపిస్త, పేరు పక్కన "గారికి" పెట్టే రాస్త.

టవర్‌సర్కిల్ (కరీంనగర్)

మంచిది. వాట్సాప్ బిజినెస్‌ల కూడ మీరు ముందు పంపే మెసేజ్‌కు టెంప్లేట్ ఆమోదం కావాలె, వాట్సాప్ నడిపే మెటా చూస్తది. ఆఫర్ మాటలు ఉన్నది ప్రచారం కింద, ఆర్డర్ కబురు ఉన్నది సేవ కింద పెడ్తరు. రేట్లు వేరు. ఆర్డర్ మెసేజ్ చివర్ల "తేజా మీద పది శాతం తగ్గింపు" అని తోక పెట్టకండి, మొత్తం ప్రచారం లెక్కల పోతది.

పాత డెస్కోడు

కాగితం మీద రెండు రాయించుకో చెల్లె. చేన్లకు, గోదాముకు తిరిగే బండి ఖర్చు ఎవలు పెడ్తరు, ఫొటోలు తీసేటోనికి ఎవలు ఇస్తరు. చిన్న కంపెనీలల్ల కొట్లాట అంత అక్కడనే వస్తది. ఇంకోటి, కిందటేడు ఎవలెవలు కొన్నరో బిల్లు పుస్తకాలు ఉంటయి గోదాముల. ఏం రాయకముందు అవి తీసి, ఏ ఊరోళ్లు రెండోసారి కొన్నరో చూడు. ఏడాది క్యాలెండర్ సగం దాంట్లనే ఉంటది.